పండుగ లేని ప్రవక్త... పండుగలన్నీ ఆయనవే!

ఇటుకలు మోసినోళ్ల నాయకుడు మోషే. యూదులు ఆయన్ను ఎట్ల తలుచుకుంటారు? ఆ తలపులో గల్ఫ్ కూలీకి దొరికేదేంటి?

అల్ ఖోర్ క్యాంపుల్లో మనోళ్ల పేర్లు ఓసారి గుర్తు చేసుకోండి. ఒక గదిలో మూసా ఉంటాడు, పక్క గదిలో మోజెస్ ఉంటాడు, పై అంతస్తులో మోషే ఉంటాడు. ఊళ్లు వేరు, మతాలు వేరు. పేరు మాత్రం ఒక్కటే! హైదరాబాదోళ్లయితే ఇంకో మాట కూడా కలుపుతారు. ఈసా, మూసా అనే రెండు పాయలు బాపూఘాట్ దగ్గర కలిస్తేనే మన మూసీ అయిందంటారు.

ఖురాన్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రవక్త పేరు మూసాదే. తెలుగు బైబిలు తెరిస్తే మొదటి ఐదు పుస్తకాలూ ఆయన పేరు మీదే ఉంటాయి. అయితే ముస్లింలకన్నా, క్రైస్తవులకన్నా ముందు ఆయన యూదుల ప్రవక్త. వాళ్ల విశ్వాసానికి మూలస్తంభం. మరి అంతటి మనిషికి యూదులు చేసే పండుగ ఏది? జయంతి ఉందా, ఊరేగింపు ఉందా?

లేదు! మోషే జయంతి పేరుతో వాళ్ల ముఖ్య పండుగల్లో ఒక్కటి కూడా లేదు. ఆయన విగ్రహం లేదు, పటం పెట్టి పూజ లేదు, చివరికి సమాధి కూడా లేదు. కానీ ఏడాది పొడుగునా వాళ్లు చేసే పెద్ద పండుగలన్నీ ఆయన నడిచిన దారి వెంటే నడుస్తాయి. ఈ చిత్రం ఏంటో అర్థం కావాలంటే ముందు ఆయన కథను మన కళ్లతో, అంటే పరాయి దేశంలో పని చేసేవాళ్ల కళ్లతో చూడాలి. ఇక్కడ మేం చెప్పేది ధర్మం గురించి, పండుగల గురించి. ఈ కాలపు రాజకీయాలతో దీనికి సంబంధం లేదు.

కథంతా ఇటుకల బట్టీ దగ్గరే

కరువొచ్చి బతకలేక ఇశ్రాయేలీయులు ఐగుప్తుకు వలస పోయారు. అప్పటికే యోసేపు అక్కడ పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు గనుక మొదట్లో మర్యాద దక్కింది. తరాలు మారాయి. యోసేపును ఎరగని రాజొచ్చాడు. వలస వచ్చినవాళ్లు వెట్టిచాకిరీలో పడ్డారు. పీతోము, రామెసేసు అనే గిడ్డంగుల పట్టణాలు కట్టడానికి మట్టి పిసికారు, ఇటుకలు చేశారు. ఈ గాథకు తవ్వకాల్లో దొరికే ఆధారాల మీద చరిత్రకారుల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. విశ్వాసులకు మాత్రం ఇది వాళ్ల తాతముత్తాతల బతుకు.

మోషే ఆ కూలీల ఇంట పుట్టి ఫరో కూతురు చేతుల్లో రాజభవనంలో పెరిగాడు. ఒకరోజు తన వాళ్లలో ఒకడిని ఐగుప్తువాడు కొడుతుంటే చూడలేక, ఆ కొట్టినవాడిని చంపేశాడు. ప్రాణభయంతో దేశం విడిచాడు. చేరింది ఎక్కడికి? మిద్యాను అనే ఎడారికి. అది అరేబియా వాయవ్య భాగంలో ఉండేదని పండితుల్లో చాలామంది అంటారు. అక్కడ యిత్రో అనే పెద్దాయన మందలు కాశాడు. రాజభవనంలో పెరిగినవాడు గొర్ల కాపరి అయ్యాడు! కొడుకు పుడితే గెర్షోము అని పేరు పెట్టాడు. తానిక్కడ పరదేశినన్న బాధ ఆ పేరులోనే ఉంది. సౌదీ, కువైట్ ఎడారుల్లో గొర్లు, ఒంటెలు కాసిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప మనుషులకు ఈ బాధ వేరే చెప్పాలా?

ఖురాన్ కథనంలో ఇంకో ముచ్చట ఉంది. ఆ పెద్దాయన తన కూతురినిచ్చి పెళ్లి చేయడానికి ఎనిమిదేళ్ల చాకిరీ షరతు పెడతాడు. పదేళ్లు చేస్తే అది మూసా ఇష్టం, బలవంతం లేదు. అంటే గడువు, పని, ప్రతిఫలం ముందే మాట్లాడుకున్న ఒప్పందం అన్నమాట. పనికి పెట్టుకుంటే బలమున్నవాడిని, నమ్మకస్తుడిని పెట్టుకోవాలని సిఫారసు చేసింది ఆ అమ్మాయే!

దేవుడు మండుతున్న పొద దగ్గర పిలిచి ఫరో ముందుకు వెళ్లమన్నప్పుడు మోషే వెనకాడాడు. తనకు మాట సరిగా రాదన్నాడు. అప్పుడు అన్న అహరోను తోడు వచ్చాడు. తమ్ముడి మాట అన్న నోట పలికింది. అరబిక్ రాని మనిషి కోసం ఆఫీసులో పక్కన నిలబడి మాట్లాడే పాత కూలీలు మన మధ్యా ఉన్నారు కదా!

ఇక అసలు గొడవ. మూడు రోజుల ప్రయాణమంత దూరం ఎడారిలోకి పోయి పండుగ చేసుకోవడానికి సెలవు ఇమ్మని మోషే అడిగాడు. ఫరో ఏం చేశాడో తెలుసా? ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం ఆపేశాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటీ తగ్గొద్దన్నాడు. లెక్క తగ్గిన రోజు దెబ్బలు తిన్నది ఎవరు? ఇశ్రాయేలీయుల్లోంచి పెట్టిన మేస్త్రీలు. ఆ మేస్త్రీలు తిరిగి ఎవరిని తిట్టారు? మోషేనే! నువ్వొచ్చి అడగబట్టే మాకు ఇంత కష్టమొచ్చిందన్నారు. హక్కు అడిగినవాడిని సొంత మనుషులే తప్పు పట్టడం అప్పుడూ ఉంది. సైట్ మీద పని చేసినవాళ్లెవరికైనా ఈ కథ పాతదిగా అనిపించదు.

దేవుడు కాదు, గురువు

యూదులు మోషేను రాజు అనరు, దేవుడు అనరు. ‘మోషే రబ్బేను’ అంటారు. అంటే ‘మా గురువు మోషే’ అని. సీనాయి కొండ మీద దేవుడిచ్చిన ధర్మశాస్త్రాన్ని, అంటే తోరాను, తెచ్చి నేర్పినవాడు గనుక గురువు. 12వ శతాబ్దంలో కైరోలో వైద్యుడిగా బతికిన యూదు పండితుడు మైమోనిడీస్ తమ విశ్వాసానికి 13 సూత్రాలు రాశాడు. అందులో ఏడోది పూర్తిగా మోషే గురించే. ఆయనకు ముందు గానీ, తరువాత గానీ అంతటి ప్రవక్త లేడన్నది ఆ సూత్రం. విచిత్రమేంటంటే మైమోనిడీస్ సొంత పేరు కూడా మోషేనే!

గురువు గొప్పవాడే. కానీ పాఠం అంతకన్నా గొప్పది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే వాళ్ల పండుగలన్నీ అర్థమవుతాయి.

పస్కా రాత్రి... చిన్నోడి ప్రశ్న

యూదుల పండుగల్లో ఇంటింటా జరిగేది పస్కా. మార్చి-ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ఇశ్రాయేలు దేశంలో ఏడు రోజులు, బయట దేశాల్లో ఎక్కువమంది ఎనిమిది రోజులు చేస్తారు. మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుంటారు. బల్ల మీద ఉండే ప్రతి వస్తువుకూ ఒక కథ ఉంటుంది.

పులియని రొట్టె ఒకటి. దాన్ని ‘మత్జా’ అంటారు. ఇక్కడ మనం తినే ఖుబ్బూస్ పులిసిన పిండిది. మత్జా పొంగకూడదు. పిండిలో నీళ్లు పడ్డాక 18 నిమిషాల్లోపే కాల్చేయాలన్నది నియమం. పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక, ఉన్నపళంగా ఐగుప్తు విడిచి బయలుదేరిన రాత్రికి అది గుర్తు. చేదు ఆకు ఒకటి, అది బానిస బతుకు చేదుకు. ఉప్పునీళ్లు కన్నీళ్లకు. పండ్లు, గింజలు దంచి చేసిన ముద్ద ఒకటి ఉంటుంది. అది గోధుమరంగు ముద్ద, చూస్తే అచ్చం తాపీ మేస్త్రి చేతిలో మాలు లాగే ఉంటుంది. తాతలు ఇటుకల మధ్య పెట్టిన బురదకు గుర్తట! మాలు కలిపిన పనిని పండుగ బల్ల మీద పెట్టి తలుచుకునే ధర్మం ఇది.

అప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లాడు లేచి అడుగుతాడు. ఈ రాత్రి మిగతా రాత్రుల్లాగా ఎందుకు లేదు అన్న అర్థంలో నాలుగు ప్రశ్నలు. పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. మనం బానిసలం, ఇటుకలు చేశాం, దెబ్బలు తిన్నాం, బయటపడ్డాం అని పూస గుచ్చినట్టు చెప్పాలి. ఆ రాత్రి చదివే పుస్తకం పేరు ‘హగ్గదా’. ఆ మాటకు అర్థమే ‘చెప్పడం’ అని. ఐగుప్తు మీద పడిన పది తెగుళ్ల పేర్లు చదివేటప్పుడు పాత్రలోని ద్రాక్షారసం పది చుక్కలు తీసేస్తారు. ఎదుటివాడి బాధ మీద నిండు గ్లాసు తాగొద్దని పెద్దలు దానికి అర్థం చెబుతారు. మరో పాత్ర నింపి ఏలీయా ప్రవక్త కోసం ఉంచుతారు. ఆయన వస్తాడన్న ఆశతో వీధి తలుపు తెరుస్తారు.

ఇంత పెద్ద కథలో కథానాయకుడి పేరు ఎన్నిసార్లు వస్తుంది? సంప్రదాయ హగ్గదాలో మోషే పేరు దాదాపు కనిపించదు. ఒక్కచోట అలా వచ్చి పోతుందంతే! ఎందుకంటే విడిపించింది దేవుడు, మోషే సేవకుడు అన్నది వాళ్ల నమ్మకం. మనిషిని దేవుడిని చేయకుండా కాపాడుకున్నారన్నమాట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రెండేళ్లకో మూడేళ్లకో మనం ఊరికి పోతాం. సెంటు సీసాలు, చాక్లెట్లు, బ్లాంకెట్లు పట్టుకుపోతాం. పిల్లలు అడుగుతారు, అక్కడ ఏం పని అని. మనం ఏం చెబుతాం? ‘కంపెనీలో’ అంటాం. ఎండలో స్టీలు కట్టామని, ఒక గదిలో ఎంతమంది పడుకున్నామో, ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి అని చెప్పం. పరువు పోతుందని దాస్తాం. ఆ దాపరికం ఖరీదేంటంటే, పక్కింటి కుర్రాడు మన సెంటు వాసన చూసి అదే ఏజెంటు దగ్గరికి పోతాడు. కష్టాన్ని పిల్లలకు చెప్పడం అవమానం కాదు, అది విధి అంటుంది పస్కా.

పర్ణశాల, గుడారం, మన ఊదా దీవి

పస్కా మర్నాటి రాత్రి నుంచి లెక్కపెట్టిన యాభయ్యో రోజు వారముల పండుగ, హెబ్రీలో ‘షవువోత్’. సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం దొరికిన రోజని నమ్మకం. ఆ రాత్రంతా నిద్రపోకుండా చదువుకునే ఆచారం ఉంది. మన శివరాత్రి జాగారం లాగా అనుకోండి, కాకపోతే చేతిలో పుస్తకం ఉంటుంది.

సెప్టెంబరు-అక్టోబరులో ‘యోమ్ కిప్పూర్’ వస్తుంది. అది పశ్చాత్తాప దినం, రోజంతా పస్తు. జనం బంగారు దూడను చేసుకుని తప్పు చేస్తే మోషే కోపంతో మొదటి రాతిపలకలు పగలగొట్టాడు. తరువాత వాళ్ల కోసం దేవుడిని బతిమాలి రెండోసారి పలకలు తెచ్చింది ఈ రోజేనని సంప్రదాయం. పగిలిన తరువాత కూడా రెండో అవకాశం ఉంటుందన్నది ఆ రోజు చెప్పే మాట.

ఆ తరువాత ఐదు రోజులకే పర్ణశాలల పండుగ. ఏడు రోజులు ఆకుల కప్పు వేసిన పందిట్లో భోజనం చేస్తారు, కొందరు అక్కడే పడుకుంటారు. కప్పులోంచి చుక్కలు కనిపించాలి. వానొస్తే మాత్రం ఇంట్లోకి పోవచ్చు. సొంత ఇల్లున్నవాడు కూడా, ఒకప్పుడు మనకు ఇల్లు లేదు, నలభై ఏళ్లు ఎడారిలో నడిచాం అని గుర్తు చేసుకోవాలి. ఆ పందిట్లోకి రోజుకొకరు చొప్పున ఏడుగురు పూర్వీకులను అతిథులుగా పిలుస్తారు. అందులో మోషే ఒకడు. పొలం దగ్గర మంచె ఎరిగినవాళ్లకు, ఇక్కడ పోర్టా క్యాబిన్‌లో నాలుగేళ్లు ఉన్నవాళ్లకు ఈ పండుగ విడమరచి చెప్పక్కర్లేదు.

ఎడారి నడకలో మోషే దేవుడి కోసం కట్టించింది కూడా రాతి గుడి కాదు, ఒక గుడారం. దాని తెరలకు నీల, ధూమ్ర, రక్తవర్ణాల దారాలు వాడారని నిర్గమకాండం వర్ణిస్తుంది. గుడారమంటే మన అల్ ఖోర్‌కు కొత్తా? 2022 నవంబరు 20న ప్రపంచకప్ మొదటి మ్యాచ్ జరిగిన అల్ బైత్ స్టేడియం రూపమే అరబ్బుల గుడారం. అరవై వేలమందికి పైగా కూర్చునే ఆ గుడారాన్ని కట్టిన చేతుల్లో మన తెలుగు చేతులూ ఉన్నాయి.

ఇక రంగు సంగతి. అల్ ఖోర్ పక్కన మడ అడవుల మధ్య చిన్న దీవి ఉంది. మన కోరంగి లాగే ఉంటుంది. శుక్రవారం సాయంత్రాలు మనోళ్లు ఫొటోలు దిగే చోటు. దానికి ఊదా దీవి అని పేరు. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో అక్కడ సముద్రపు నత్తలను చితక్కొట్టి ఎర్రటి ఊదా రంగు తీసేవాళ్లని తవ్వకాల్లో తేలింది. లక్షలాది గుల్లల ముక్కలు దొరికాయి. మోషే కాలం అని సంప్రదాయం చెప్పే రోజులు దాదాపు అవే! ఇక్కడి రంగు అక్కడికి పోయిందని మేం చెప్పడం లేదు, అలాంటి ఆధారమేమీ లేదు. కానీ రాజులు, పూజారులు కట్టుకున్న ఆ ఖరీదైన రంగు వెనక, ఎండలో కూర్చుని గుల్లలు పగలగొట్టిన కూలీలు ఉన్నారన్నది మాత్రం ఆ దీవి మీద నిలబడితే తెలుస్తుంది. వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

పొద్దు గుంకకముందే కూలి

బానిసత్వం నుంచి బయటపడ్డ జనానికి మోషే ఇచ్చిన ధర్మంలో అన్నిటికన్నా కొత్తది వారానికి ఒకరోజు సెలవు. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ‘షబ్బాత్’. అది యజమానికి మాత్రమే కాదు. పనివాడికి, పనిమనిషికి, ఇంట్లో ఉన్న పరదేశికి, ఎద్దుకు, గాడిదకు కూడా! ద్వితీయోపదేశకాండంలో దానికి చెప్పిన కారణం గమనించండి. ఒకప్పుడు నువ్వూ ఐగుప్తులో దాసుడివే గనుక, నీ దగ్గర పని చేసేవాడికి విశ్రాంతి ఇవ్వమని.

ఆ పుస్తకంలోనే కూలి గురించి ఉంది. బీదవాడైన కూలివాడు నీ వాడైనా, పరదేశి అయినా, వాడి కూలి ఆ రోజు పొద్దు గుంకకముందే ఇచ్చేయాలి. వాడి ప్రాణం దాని మీదే పెట్టుకుని ఉంటాడు. ఇవ్వకపోతే వాడి మొర నేరుగా దేవుడికే చేరుతుంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ఇస్లాం హదీసు ఇక్కడ మసీదులో శుక్రవారం ప్రసంగాల్లో విన్నవాళ్లకు, ఈ రెండూ ఒకే ఊట నీళ్లని వెంటనే తెలుస్తుంది.

పాత ధర్మం సరే, ఇప్పటి చట్టం సంగతేంటి? ఖతర్ కార్మిక చట్టంలో వారానికి కనీసం 24 గంటల వరుస విశ్రాంతి ఉంది. జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలన్న విధానం 2015లో వచ్చింది. 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని అనుమతి పత్రం అక్కర్లేదన్నారు. 2021 మార్చిలో అందరికీ కనీస వేతనం అమల్లోకి వచ్చింది. మూలవేతనం 1,000 రియాళ్లు, కంపెనీ తిండి పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500. కాగితం మీది హక్కు చేతికి రావాలంటే అడగాలి. అడిగినప్పుడు ఏమవుతుందో మోషే కథలో మేస్త్రీలను చూశాం. అయినా ఆ కథ అడగడం దగ్గర ఆగిపోలేదు, బయటపడేదాకా నడిచింది.

అన్నట్టు, మన క్రైస్తవ సోదరులు ఊళ్లో ఆదివారం గుడికి పోతారు, ఇక్కడ శుక్రవారం బస్సెక్కి దోహాలోని మెసాయ్‌మీర్ చర్చిల ప్రాంగణానికి పోతారు. యూదులకు శనివారం, ముస్లింలకు శుక్రవారం, క్రైస్తవులకు ఆదివారం. రోజు ఏదైతేనేం, మనిషికి ఒకరోజు ఆగే హక్కు ఉందన్న మాట ఒక్కటే.

ముహర్రం పదో రోజు సంగతి కూడా చెప్పుకోవాలి. మన ఊళ్లలో పీర్ల పండుగగా, కర్బలా అమరుల తలపుగా అందరికీ తెలుసు. మదీనాలో యూదులు ఆ రోజు ఉపవాసం ఉండటం ముహమ్మద్ ప్రవక్త చూశారని, ఫిరౌన్ నుంచి మూసా బయటపడ్డ రోజని తెలిసి తామూ ఉపవాసం పాటించారని హదీసులు చెబుతాయి. ముహర్రంలో ఇక్కడి ముస్లిం మిత్రులు ఉండే ఆషూరా ఉపవాసం వెనక ఉన్నది ఆ జ్ఞాపకమే.

ఎముకలు మోసిన చేతులు

ఈ కథలో మా గుండెను పట్టేసే ఘట్టం ఇంకొకటి. యోసేపు ఐగుప్తులోనే చనిపోయాడు. చనిపోయే ముందు తన వాళ్లతో ఒట్టు వేయించుకున్నాడు. మీరు ఎప్పుడు ఇంటికి పోయినా నా ఎముకలు ఇక్కడ వదలొద్దు, తీసుకుపోండని. తరాలు గడిచాయి. ఐగుప్తు విడిచే ఆ హడావుడి రాత్రి జనమంతా వెండి బంగారాలు సర్దుకుంటుంటే, మోషే ఒక్కడు యోసేపు ఎముకల పెట్టె కోసం తిరిగాడని యూదు పెద్దలు చెప్పుకుంటారు. నలభై ఏళ్లు ఆ పెట్టె వాళ్లతో పాటే ఎడారి దాటింది. చివరికి సొంతగడ్డ మీద, షెకెములో, మట్టి దొరికింది.

పరాయి గడ్డ మీద తోటివాడు చనిపోతే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, చందాలు పోగు చేసి, పెట్టెను ఊరికి పంపేవాళ్లు మనలోనూ ఉన్నారు. డ్యూటీ పోగొట్టుకుని ఆసుపత్రి మార్చురీ ముందు నిలబడతారు. వాళ్ల పేర్లు పేపర్లో రావు. వాళ్లు చేసేది మోషే చేసిన పనే.

మరి ఎముకలు మోసిన ఆ మనిషికి ఏమైంది? వాగ్దాన దేశాన్ని నెబో కొండ మీద నుంచి కళ్లారా చూశాడు. అడుగు మాత్రం పెట్టలేదు. నూట ఇరవయ్యో ఏట అక్కడే పోయాడు. సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. యూదులు పుట్టినరోజున ‘నూట ఇరవై దాకా బతుకు’ అని దీవించేది అందుకే, మన నూరేళ్ల దీవెన లాగా. హెబ్రీ నెల అదారు ఏడో తేదీ ఆయన పుట్టిన రోజూ, పోయిన రోజూ అని సంప్రదాయం. ఆ రోజును ముఖ్యంగా గుర్తు చేసుకునేది ఎవరో తెలుసా? శవాలకు స్నానం చేయించి సాగనంపే స్వచ్ఛంద సంఘాలవాళ్లు. చాలా ఊళ్లలో వాళ్లు ఆ రోజు ఉపవాసం ఉండి, రాత్రికి కలిసి భోజనం చేస్తారు. తిరిగి జవాబు చెప్పలేని మనిషికి చేసే సేవే కల్మషం లేని సేవ అంటారు.

పర్ణశాలల పండుగ అయిపోగానే ‘సిమ్‌హత్ తోరా’ వస్తుంది. తోరా చుట్టలను చేతుల్లో ఎత్తుకుని ఆడతారు, పాడతారు. ఆ రోజు ఏడాది పారాయణం ముగుస్తుంది. చివరి భాగం మోషే మరణం. అది చదివి కన్నీళ్లు పెట్టుకుని ఆగిపోరు. వెంటనే పుస్తకాన్ని మొదటికి తిప్పి, లోకం పుట్టిన కథ మళ్లీ మొదలుపెడతారు. గురువు పోయాడు, పాఠం ఆగదు!

గుంటూరు జిల్లాలో యోసేపు మనవలు?

ఇదంతా ఎక్కడో దూరదేశాల ముచ్చట అనుకోవద్దు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సంఘం ఒకటి ఉంది. తమను ‘బెనె ఎఫ్రాయిం’ అంటే ఎఫ్రాయిం సంతతి అని చెప్పుకుంటారు. ఎఫ్రాయిం అంటే ఆ యోసేపు కొడుకే. సామాజికంగా మాదిగ కులం నుంచి, ఒకప్పటి బాప్టిస్టు క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. 1991లో అక్కడ ప్రార్థనామందిరం పెట్టుకున్నారు. యూదు పండుగలు, షబ్బాత్ పాటిస్తూ హెబ్రీ నేర్చుకుంటున్నారు. వాళ్ల వంశమూలాల మాటను అందరూ ఒప్పుకోలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ల మధ్య గడిపి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు.

మూలాల సంగతి పండితులు తేల్చుకుంటారు. మాకు కనిపించేది ఇంకొకటి. ఊరి చివర ఉంచబడ్డ మనుషులు, లోకంలోని ఇన్ని కథల్లో తమదని పట్టుకున్నది వెట్టి నుంచి బయటపడ్డవాళ్ల కథను. అందులో ఆశ్చర్యమేముంది?

మన బట్టీల దగ్గర ఎవరున్నారు?

మోషే ధర్మంలో పదేపదే వచ్చే మాట ఒకటుంది. పరదేశిని బాధ పెట్టొద్దు, పరదేశి మనసు నీకు తెలుసు, నువ్వూ ఐగుప్తులో పరదేశివే కదా అన్న అర్థంలో ఎన్నోచోట్ల వస్తుంది. కష్టపడ్డ జ్ఞాపకాన్ని ఏడుపు కోసం దాచుకోమనలేదు. రేపు నీ చేతికి పెత్తనం వచ్చినప్పుడు అక్కరకొస్తుందని దాచుకోమన్నాడు.

ఇప్పుడు మన ఊరి వైపు చూద్దాం. మనం ఇక్కడ సిమెంటు మోస్తుంటే, అక్కడ మన పెద్దపల్లి, రంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీల్లో ఇటుకలు చేస్తున్నది ఎవరు? ఒడిశా బలంగీర్ వైపు నుంచి పెళ్లాం పిల్లలతో వచ్చిన కూలీలు. ముందే అడ్వాన్సు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా కదలలేక, భాష రాక, లెక్క తెలియక ఉండేవాళ్లు. మన కొత్త ఇంటికి కొన్న ఇటుక వాళ్ల చేతుల మీదుగానే వచ్చి ఉండొచ్చు. గల్ఫ్ పైసలతో కట్టే స్లాబుకు కంకర మోసేది ఏ బీహారీ కుర్రాడో కావచ్చు. ఊరికి పోయినప్పుడు మేస్త్రితో బేరమాడేటప్పుడు, ఆ కుర్రాడికి కూలి పడిందా అని మనం ఒక్కసారైనా అడిగామా? ఇక్కడ ‘హిందీ’ అని పిలిస్తే మనకు నొచ్చుకుంటుంది. అక్కడ వాళ్లను మనం ఏమని పిలుస్తున్నాం?

ఇక్కడ మనం మోషే జనం. ఊరికి పోయి నాలుగు గోడలు కట్టడం మొదలుపెట్టిన రోజు, ఫరో కుర్చీ మన ముందు కూడా ఉంటుంది. కూర్చోవడమా, వద్దా అన్నది మన చేతుల్లో ఉంది.

తన పేరు మీద పండుగ కోరని ప్రవక్త మనకు చెప్పిన పని రెండే ముక్కలు. పడ్డ కష్టాన్ని పిల్లలకు దాచకుండా చెప్పాలి. మన కింద పని చేసేవాడికి పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలి. మూసా అని పిలిచినా, మోషే అని పిలిచినా, ఏ పేరూ పిలవకపోయినా ఈ రెండు పనులూ చేయొచ్చు. ఈసారి సెలవు మీద ఊరికి పోయేవాళ్లు పెట్టెలో సెంటు సీసాలతో పాటు ఈ మాట కూడా పట్టుకుపోండి. దీనికి బరువు కట్టరు, కస్టమ్స్ అడగరు!